పైడయ్య చెప్పిన డిక్టేషన్

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. పైడయ్య నోరు మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ ఒకే చోట జారుతోంది. 'చ' అనబోయి 'స' అంటాడు. చెరువు సెరువవుతుంది, చీకటి సీకటవుతుంది. శృంగవరపుకోట పక్కన అతని ఊళ్ళో అందరూ అంతే కాబట్టి అక్కడ దాన్ని జారడం అనరు, మాట్లాడటం అంటారు. విశాఖపట్నం వచ్చి, లైబ్రరీలో అటెండరుగా చేరాకే అది తప్పని అతనికి తెలిసింది. తెలిసి ఏం లాభం? పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదు.

ఇన్నాళ్ళూ ఆ నోటి వల్ల ఎవరికీ నష్టం లేదు. మొన్న మే నెలాఖర్లో మాత్రం, దాని మూలాన ఒక పదేళ్ళ పిల్ల నలుగురిలో దొంగ అనిపించుకోబోయింది.

వన్ టౌన్‌లో ఒక ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు మీద మేడలో ఉంది ఆ లైబ్రరీ. మెట్లెక్కుతుంటే ఉల్లిపాయల ఘాటు, ఎక్కాక పాత కాగితాల వాసన. పైడయ్య అక్కడ పంతొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. అంతకుముందు ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డులో పనిచేశాడు. చదివింది అయిదో తరగతి. పుస్తకాలు దులపడానికి పెట్టుకున్న మనిషి, దులుపుతూ దులుపుతూ ఒక్కో పేజీ చదవడం మొదలుపెట్టాడు. అదీ మనసులోనే. పైకి చదివితే పేపరు చదువుకునే పెద్దమనుషులు తలలెత్తి చూస్తారని భయం. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం కదా, ఏడాదికోసారి కొనసాగింపు కాగితం రావాలి. ఎవరి కంటా పడకుండా ఉండటమే అతని ఉద్యోగధర్మం.

ఈ వేసవిలో పిల్లలకి పఠన శిబిరం పెట్టారు. పొద్దున్న చదువుకోవడం, మధ్యాహ్నం కథ వినడం. హార్బర్ పక్క పిల్లలే ఎక్కువ. అది సముద్రంలో వేట నిషేధం ఉన్న కాలం, తండ్రులు ఒడ్డున వలలు బాగుచేసుకుంటుంటారు, ఇళ్ళు ఇరుకు. లైబ్రరీలో ఫ్యాన్ ఉంది. ఇరవై ఆరుగురు చేరారు.

కథలు చెప్పడానికి వస్తానన్నావిడ మూడో రోజే మానేసింది. లైబ్రేరియన్ జ్యోతిర్మయికి ఏం చెయ్యాలో తోచలేదు. ఆ అమ్మాయిది గుంటూరు వైపు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ప్రొబేషన్ కూడా పూర్తికాలేదు. గోల భరించలేక, "పైడయ్యగారూ, ఏదో ఒకటి చదవండి, కాసేపు ఊరుకుంటారు" అంది.

అతను వణుకుతూనే ఒక నక్క కథ అందుకున్నాడు. "అనగనగా ఒక సెరువు" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ సెరువే మరి. అప్పట్నుంచి రోజూ మూడింటికి పైడయ్య చదవాలి, పిల్లలు వినాలి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఆ గంట కోసం రోజూ గెడ్డం గీసుకుని రావడం మొదలుపెట్టాడు. పెందుర్తిలో ఇంటి దగ్గర అతని భార్య అసిరమ్మ, "ఏటి, పెళ్ళిసూపులకి ఎల్తన్నావేటి?" అని ఏడిపించేది.

వినేవాళ్ళందర్లోకీ అనూరాధ ఒక్కతే అతని పక్కన చేరి, పుస్తకంలోకి తొంగిచూస్తూ వినేది. వాళ్ళ నాన్న తాతబాబు బోటు మీద పనిచేస్తాడు, అమ్మ పోతమ్మ చేపలమ్ముతుంది. నెలరోజుల్లో నలభై ఒక్క పుస్తకాలు చదివిందా పిల్ల. మాట తక్కువ.

శిబిరం చివర్లో డిక్టేషన్ పోటీ అని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇరవై పదాలు సీలు వేసిన కవర్లో వస్తాయి. లైబ్రేరియన్ చదవాలి, పిల్లలు రాయాలి. బయటి నుంచి ఒక తెలుగు మాస్టారు వచ్చి అక్కడే దిద్దుతారు. మొదటి స్థానం వచ్చినవాళ్ళు జిల్లా పోటీలకి వెళతారు. పోటీ ఉదయం పదిన్నరకి, మాస్టారు పన్నెండుకి.

సరిగ్గా ఆ ఉదయమే జ్యోతిర్మయిని ఏదో మీటింగుకి పిలిచారు. పదిన్నర దాటాక ఫోన్ చేసింది.

"పైడయ్యగారూ, ఇక్కడ ఇంకా వదల్లేదు. నేను వచ్చేదాకా పోటీ మొదలుపెట్టకండి. కవరు బీరువాలోనే ఉండనివ్వండి."

"అలాగేనమ్మా" అన్నాడు.

పదకొండయింది. పిల్లలు కాగితాల మీద పేర్లు రాసుకుని, పెన్సిళ్ళు చెక్కుకుని, చెక్కినవే మళ్ళీ చెక్కుతున్నారు. పదకొండున్నర అయింది. మాస్టారు వచ్చేసరికి కాగితాలు లేకపోతే ఈ పిల్లల పేర్లు జిల్లాకి వెళ్ళవని పైడయ్య తనకి తాను చెప్పుకున్నాడు. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కుర్చీలో కూర్చుని పిల్లల చేత రాయించాలని అతనికి ఉంది. ఆ కోరికే బీరువా తలుపు తీసింది.

"నాను ఎలగ సెప్తే అలగే రాయండి. సొంత తెలివి పనికిరాదు" అన్నాడు, తన చిన్నప్పటి మాస్టార్లాగ గొంతు పెట్టి. అసలు ముప్పు ఆ మాటతోనే వచ్చింది.

ఇరవై పదాలూ చెప్పాడు. ఒక్కొక్కటి రెండేసిసార్లు, తాపీగా, కళ్ళద్దాల మీంచి చూస్తూ. అతని జీవితంలో అంత మంచి పావుగంట ఇంకోటి లేదు.

కాగితాలు పోగుచేసి పైదాన్ని చూశాడు. మొదటి పదం: సదువు. రెండోది: సెరువు. కిందికి చూశాడు. సుట్టం, సీకటి, సింతపండు. ఇంకో కాగితం లాగాడు. అదీ అంతే. కాగితాలన్నీ కలిపి తాడుతో కట్టేశాడు. చదువు అని రాయాలని బడికెళ్ళే పిల్లలకి తెలియక కాదు. తాత ఎలా చెబితే అలా రాయమన్నాడు, వాళ్ళు బుద్ధిగా రాశారు.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఒరే, పెద్దసారు అడిగితే మేడమే సెప్పినారనండి. నా పేరు మాత్రం సెప్పకండర్రా" అన్నాడు గబగబా. ఇరవై ఆరు తలలూ ఊగాయి.

జ్యోతిర్మయీ, పరీక్షకుడు కృష్ణంరాజు మాస్టారూ ఒకేసారి లోపలికి వచ్చారు, కింద మెట్ల దగ్గర కలిసినట్టున్నారు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. బల్ల మీద కట్టిన కాగితాల కట్ట చూసి, "ఓహో, పోటీ పూర్తిచేసే కిందికి వచ్చారన్నమాట, బాగుంది" అన్నారు ఆమెతో. జ్యోతిర్మయి కట్ట వైపు చూసింది, పైడయ్య వైపు చూసింది. తను లేకుండా పోటీ జరిగిందంటే కవరు ఎవరు విప్పారన్న మాట వస్తుంది. ఆమె నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకుంది. పైడయ్య మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

మాస్టారు దిద్దడం మొదలుపెట్టారు. మొదటి కాగితానికి పెదవి విరిచారు. రెండోదానికి నిట్టూర్చారు. అయిదోది వచ్చేసరికి పెన్ను బల్ల మీద కొట్టారు.

"ఏమిటమ్మా ఇది? సదువట, సుట్టమట! ఒక్కడికీ చ రాదా? నెల్లాళ్ళు శిబిరం పెట్టి నేర్పింది ఇదా?"

పిల్లలు తలలు దించుకున్నారు. ఇప్పుడు చెప్పేద్దామా అనుకున్నాడు పైడయ్య. కొనసాగింపు కాగితం వచ్చే నెలలో రావాలి. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

కాగితాలు తిరుగుతున్నాయి. ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు. గదిలో ఫ్యాన్ చప్పుడూ ఎర్ర పెన్ను గీత చప్పుడూ తప్ప ఏమీ లేదు. ఆఖరి కాగితం దగ్గర మాస్టారు ఆగిపోయారు. ఒకసారి చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"అనూరాధ ఎవరు?"

పిల్ల లేచి నిలబడింది.

"ఇరవైకి ఇరవై. ఒక్క తప్పు లేదు" అన్నారు. పైడయ్య ప్రాణం లేచొచ్చింది. కానీ మాస్టారి గొంతులో మెప్పు లేదు.

"జ్యోతిర్మయిగారూ, మీరు చ ఎంత శుభ్రంగా పలుకుతారో మెట్ల మీద మాటల్లోనే విన్నాను. అయినా ఇరవై అయిదుగురు స రాశారు. అంటే వీళ్ళ చెవులకి అలవాటు లేదు, పోనీయండి. వాళ్ళంతా చెవితో విని రాశారు. ఈ పిల్ల ఒక్కతే ఎలా రాసింది?" కవరు ఎత్తి చూపించారు. "ఈ పిల్ల కూర్చున్నది బల్ల పక్కనే. కవరు చింపి ఉంది. కంటితో చూసి రాసింది."

గదిలో గుసగుస లేచింది.

"చూశావా లేదా?"

"నాను సూడ్నేదు సార్" అంది అనూరాధ.

"మరి ఎలా తెలిసింది?"

పిల్ల నోరు విప్పలేదు. ఒక్కసారి, ఒక్క క్షణం, పైడయ్య వైపు చూసి కళ్ళు దించేసుకుంది. ఆ చూపు గుచ్చుకున్నట్టు అతనికి జీవితంలో ఏదీ గుచ్చుకోలేదు. పిల్లకి సమాధానం తెలుసు. తాత పేరు చెప్పనని తల ఊపింది కాబట్టి చెప్పడం లేదు.

"చెప్పవు కదూ? సరే. వీళ్ళ నాన్నకి కబురు చెయ్యండి. రిపోర్టులో కాపీ అని రాయక తప్పదు" అంటూ మాస్టారు పెన్ను మూత తీశారు.

తాతబాబు సంగతి పైడయ్యకి తెలుసు. నలుగురిలో తలొంచుకోవాల్సి వస్తే ఆ మనిషి పిల్లని మళ్ళీ ఈ మెట్లెక్కనివ్వడు. జ్యోతిర్మయి మొహం తిప్పుకుంది. మాస్టారి పెన్ను కాగితానికి ఆనింది.

"ఆగండి బాబూ."

ఆ గొంతు ఎవరిదో పైడయ్యకే వెంటనే తెలియలేదు.

"డిక్టేసను సెప్పింది అమ్మగారు కాదు. అమ్మగారు మొదలెట్టొద్దన్నారు. నానే కవరిప్పి సెప్పీసినాను. నా నోటికి ఆ అచ్చరం పలకదు. నాను సెప్పినట్టే రాయమన్నాను, ఈలు రాసినారు. తప్పు నాది. పిల్లల్నేటీ అనకండి."

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశారు. "పిల్ల మీద జాలితో అంటున్నారేమో?"

"జాలి కాదు బాబూ. నిజం."

"అయితే చిక్కు ఇంకా పెరిగింది. మీరు స అని చెబితే ఈ పిల్ల చ అని ఎలా రాసింది?"

ఇప్పుడు అనూరాధకి నోరు వచ్చింది.

"తాత సదివేటప్పుడు నాను పక్కన కూకుని పుస్తకం సూస్తాను సార్. తాత 'స' అన్నకాడ పుస్తకంలో 'చ' ఉంటాది. కొన్నిటికాడ 'స'యే ఉంటాది. ఏది ఏదో గురుతెట్టుకున్నాను."

మాస్టారు జేబులోంచి ఒక చీటీ తీసి, అరచెయ్యి అడ్డం పెట్టి పది పదాలు రాశారు. దాన్ని పైడయ్యకి అందించారు.

"చెప్పండి. ఇక్కడే, నా ఎదురుగా. పిల్ల ఆ మూల కూర్చుని రాస్తుంది. ఒక్కటి తప్పినా నేను రాయాల్సింది రాస్తాను."

పైడయ్య చీటీ అందుకున్నాడు. పేపర్ చదువుకునే పెద్దమనుషులు నలుగురు అప్పటికే గుమ్మం దగ్గర చేరారు. పంతొమ్మిదేళ్ళు వాళ్ళ చెవిన పడకుండా దాచుకున్న నోరు. ఎదురుగా తెలుగు పండితుడు. కనీసం ఇవాళైనా సరిగ్గా పలకాలని, పిల్ల కోసమైనా పలకాలని, పైడయ్య నాలుకని పళ్ళ వెనక బిగించి, బలం కూడదీసుకుని మొదటి పదం చెప్పాడు.

"చముద్రం."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. చీటీలో ఉన్నది సముద్రం. లేని చోట చ తెచ్చి పెట్టాడు. అతని చెవులు కాలిపోయాయి. అనూరాధ పెన్సిలు ఎత్తి పట్టుకుని అయోమయంగా చూసింది. ఇలా అయితే ఆ పిల్ల లెక్క మొత్తం తారుమారవుతుంది.

"తాతా, నువ్వు మామూలుగా సెప్పు" అంది.

పైడయ్యకి అప్పుడు వెలిగింది. పిల్లకి కావలసింది మంచి ఉచ్చారణ కాదు, తన ఉచ్చారణ. నలుగురూ నవ్వినా సరే. పెద్దగా ఊపిరి తీసుకున్నాడు.

"సముద్రం" అన్నాడు. పిల్ల రాసింది.

"సెమట." రాసింది.

"సంత. సాప. సున్నం. సుక్క." పెన్సిలు ఆగకుండా వెళుతోంది. మాస్టారు కుర్చీలోంచి లేచి పిల్ల వెనక నిలబడ్డారు. ఆయన మొహంలో ఏమీ తెలియడం లేదు.

"సొరకాయ. సిలక."

తొమ్మిదో పదం చూసి పైడయ్య నీరుగారిపోయాడు. చారు అని ఉంది. మాస్టారు ఊరికే వెయ్యలేదు దాన్ని. తన నోట అది ఇంకో మాట అయిపోతుంది. వేరే దారి లేదు.

"సారు" అన్నాడు.

పిల్ల పెన్సిలు ఆగింది. ఒక క్షణం, రెండు క్షణాలు. జ్యోతిర్మయి బల్ల అంచు పట్టుకుంది. అనూరాధ తలెత్తింది.

"ఏది తాతా? అన్నంలోకి పోసుకునేదా, బడిలో పాఠం సెప్పీవోరా?"

పైడయ్య మాస్టారి వైపు చూశాడు, చెప్పొచ్చా అన్నట్టు. ఆయన తల ఊపారు.

"అన్నంలోకే, అమ్మా."

పిల్ల చారు అని రాసింది. మాస్టారు వంగి ఆ మాట చూశారు. పదో పదం అడగనే లేదు. "చాలమ్మా, కూర్చో" అన్నారు. వెళ్ళి పాత కాగితం తీసుకుని, ఇరవై కింద ఎర్రగా రెండు గీతలు గీసి సంతకం పెట్టారు. "నిన్ను అనకూడని మాట అన్నాను. మనసులో పెట్టుకోకు" అని పిల్లతో, అందరూ వినేట్టే అన్నారు. మంచి మనిషే. మిగిలిన ఇరవై అయిదుగురికీ జ్యోతిర్మయి చేత కొత్త పదాలు చెప్పించి మళ్ళీ రాయించారు. జిల్లా పోటీకి మాత్రం అనూరాధ పేరే రాశారు.

వెళ్ళేముందు మెట్ల దగ్గర ఆగారు.

"కవరు ఎవరు విప్పారో రిపోర్టులో రాయక తప్పదు, పైడయ్యగారూ. అబద్ధం రాయలేను."

"ఉన్నదే రాయండి బాబూ" అన్నాడు పైడయ్య.

ఉద్యోగం పోతుందని ఆ రాత్రి అసిరమ్మకి చెప్పేశాడు. ఆవిడ, "పోతే పోనీ. ఆ పిల్ల పేరు పోకుండా సూసినావు" అంది గానీ ఇద్దరికీ నిద్రలేదు. జ్యోతిర్మయి పై ఆఫీసుకి రెండుసార్లు వెళ్ళి వచ్చింది. తను ఆలస్యంగా రావడం వల్లే ఇదంతా జరిగిందని రాసి ఇచ్చిందట. ఆ సంగతి అతనితో చెప్పలేదు, అక్కడి ప్యూను ద్వారా తెలిసింది.

శిబిరం ముగియడానికి ఇంకా నాలుగు రోజులు ఉండగా మెమో వచ్చింది. మూడు గంటలు కావస్తోంది, పిల్లలంతా కింద కూర్చుని ఎదురుచూస్తున్నారు. జ్యోతిర్మయి చదివి, కాగితం అతని చేతిలో పెట్టింది. ఉద్యోగం పోలేదు. ఉన్నది రెండే వాక్యాలు.

"ఏటి తాతా అది? సదువు" అన్నారు పిల్లలు.

కాగితం చేతికొస్తే చదవడం అలవాటైపోయింది కదా, పైడయ్య కళ్ళద్దాలు సవరించుకుని పైకే చదివాడు. "అనుమతి లేక కవరు తెరిసినందుకు అటెండరును మందలించడమైనది. ఇకమీదట అతడు బాలబాలికలకు పుస్తకములు సదివి వినిపించరాదు."

చదివాక గానీ అర్థం అతని లోపలికి దిగలేదు. దిగాక కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చీపురు ఎక్కడుందో వెతుక్కోబోయాడు. గెడ్డం నున్నగా గీసుకుని వచ్చినందుకు తన మీద తనకే సిగ్గేసింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అనూరాధ లేచొచ్చి అతని జేబులోంచి మెమో లాక్కుంది. వేలు పెట్టుకుంటూ రెండో వాక్యం రెండుసార్లు చదివింది.

"సదవొద్దన్నారు తాతా. ఇనొద్దని ఎక్కడుంది?"

పైడయ్య జ్యోతిర్మయి వైపు చూశాడు. ఆమె కాగితం తీసుకుని చూసింది. "లేదు" అంది. "వినకూడదని లేదు."

అనూరాధ నిన్న సగంలో ఆగిన పుస్తకం తీసింది. అతను ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చుంది, కాళ్ళు నేలకి అందలేదు. పైడయ్య పిల్లల మధ్య చోటు చేసుకుని, మోకాళ్ళు పట్టుకుని కింద కూర్చున్నాడు.

"ఆ రాజు సెరువు గట్టెక్కి సూసినాడు" అని మొదలుపెట్టింది పిల్ల. పుస్తకంలో ఎలా ఉందో ఆ పిల్లకీ తెలుసు, అతనికీ తెలుసు. అతను ఇంకాస్త ముందుకు జరిగాడు. యాభై ఎనిమిదేళ్ళలో పైడయ్యకి ఒకరు కూర్చుని పుస్తకం చదివి వినిపించడం అదే మొదటిసారి.